పెళ్ళి మాత్ర

మా ఆయన డ్రిల్లు మేస్టారుగా చేసి రిటైరయ్యాడు. డెబ్బై దాటినా రోజూ పొద్దున్నే తెనాలి కాలవ గట్టు మీద నడిచి వచ్చి, ఇంకా పడుకున్న వాళ్ళని చూసి జాలిపడుతూ ఉంటాడు. చుట్టాల్లో ఎవరికి ఒంట్లో బాగాలేదని తెలిసినా ముందు ఒక ఉపన్యాసం ఇస్తాడు. తను ఆస్పత్రి గడప తొక్కి ఎరగడు, మాత్ర మింగి ఎరగడు. పెళ్ళయిన కొత్తలో ఈ మాట నాకు గొప్పగా ఉండేది. పోను పోను పక్కింటి కుక్కర్ కూతలా అయిపోయింది. వినపడుతూనే ఉంటుంది, నేను పట్టించుకోను.

అలాంటి మనిషి రాత్రిళ్ళు మాటిమాటికీ లేవడం మొదలుపెట్టాడు. నా నిద్ర చెడగొట్టకూడదని లైటు వెయ్యకుండా వెళ్ళి, బాత్రూంలో బకెట్టుని తన్ని, నన్నూ పై వాటాలో వాళ్ళనీ కలిపి లేపేవాడు. వయసు మీద పడ్డాక ఇది మామూలే అన్నాడు. మామూలైతే డాక్టరు గారే ఆ ముక్క చెబుతారు పదండి అని లాక్కెళ్ళాను. కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేసినదాన్ని. మొండి మనుషుల చేత పని చేయించడం నాకు కొత్త కాదు.

రక్తం పరీక్ష చేశారు. మగవాళ్ళకి వయసొచ్చాక చేసే పరీక్షట, ప్రోస్టేటు గ్రంథి సంగతి చెబుతుందిట. ఉండాల్సిన దానికంటే అంకె ఎక్కువ వచ్చింది. డాక్టరు గారు కంగారు పెట్టలేదు. మూత్రంలో చీము ఉన్నా పెరుగుతుందని ఆ పరీక్ష చేయించారు, కొన్నాళ్ళాగి రక్తం మళ్ళీ చూశారు, తర్వాత స్కానింగు తీయించారు. స్కానింగులో ఒక మచ్చ కనపడింది. అప్పుడు చెప్పారు, అనుమానం తీరాలంటే సూదితో చిన్న చిన్న ముక్కలు తీసి పరీక్షకి పంపాలని. బయాప్సీ అన్నారు.

ఆ మాట చెవిన పడగానే మా ఆయన లేచి నిలబడ్డాడు.

"మా అన్నయ్యకి చేసింది ఇదేనండి," అన్నాడు. అని, బయట విప్పిన చెప్పులేసుకుని చక్కా వెళ్ళిపోయాడు. నేను డాక్టరు గారికి ఒక దణ్ణం పెట్టి ఆయన వెనకాల పడ్డాను. రోడ్డు మీద ఆయన నడుస్తున్న నడకకి నేను పరిగెత్తాల్సి వచ్చింది. ఆయన భయం ఉత్తి భయం కాదు.

మా బావగారిది రేపల్లె. ఎరువుల కొట్టు నడిపేవారు. నవ్వకుండా మాట్లాడడం ఆయనకి రాదు. కొన్నేళ్ళ క్రితం ఆయనకీ ఇలాగే రక్తంలో అంకె పెరిగితే గుంటూరు వెళ్ళి ముక్క పరీక్ష చేయించుకున్నారు. అప్పుడు మలద్వారం లోపల నుంచి సూది పంపించి చేశారు. ముందు ఒక మాత్ర వేశారు, అందరికీ వేసేదే. సాయంత్రానికి ఇంటికొచ్చి ఇడ్లీ తిని తమ్ముడికి ఫోను చేశారు. ఏమీ లేదురా, గేదెకి సూదిమందు వేయించినట్టే, నువ్వూ చేయించుకో అని నవ్వారు. ఆ నవ్వు నేను ఇవతల గదిలో ఉండి విన్నాను.

మర్నాడు ఆయనకి చలి పట్టుకుంది. దుప్పట్లు కప్పారు. జ్వరం మాత్ర ఇచ్చారు. వీధి చివర సూదులు వేసే ఆయన్ని పిలిపించి ఇంజక్షన్ చేయించారు. జ్వరమేగా, దీనికి గుంటూరు దాకా ఎందుకు అనుకున్నారు. మా వైపు ఎవరి ఇంట్లోనైనా అలాగే అనుకుంటారు. తెల్లారేసరికి ఆయన మాటలో తేడా వచ్చింది, మనిషిని పోల్చుకోలేదు. అప్పుడు కారులో గుంటూరు తీసుకెళ్ళారు. సూది పెట్టిన చోట నుంచి పేగులో క్రిములు రక్తంలో కలిశాయన్నారు. ఒక మందు వేశారు, లొంగలేదు. ఇంకోటి వేశారు, దానికీ లొంగలేదు. ఏ మందుకి లొంగుతాయో పరీక్షలో తేలేసరికి కిడ్నీలు ఆగిపోయాయి. ఆయన మళ్ళీ ఇంటికి నవ్వుతూ రాలేదు.

ముక్క పరీక్ష రిపోర్టు పెద్దకర్మ అయ్యాక వచ్చింది. మా తోడికోడలికి ఇంగ్లీషు రాదు, కవరు నా చేతిలో పెట్టి చదవమంది. చదివాను. క్యాన్సర్ లేదంట అక్కా అన్నాను. "పోన్లే, మంచిదేగా," అంది ఆవిడ. నోట్లోంచి ఆ మాట వచ్చిన కాసేపటికి గానీ తనేమందో తనకి తెలియలేదు. ఆ తర్వాత ఆవిడ ఏడ్చిన ఏడుపు వినలేక నేను పెరట్లోకి వెళ్ళిపోయాను.

కాబట్టి మా ఆయన చేయించుకోనన్నాడంటే ఏం చెప్పి ఒప్పించను? క్యాన్సర్ అయితే తీరిగ్గా చంపుతుంది, సూది అయితే వారంలో చంపుతుంది, నాకు తొందరేం లేదు అంటాడు. మొదట్లో వాదించాను. తర్వాత బతిమాలాను. తర్వాత మానేశాను. అన్నం వడ్డించడం, రాత్రి ఆయన లేచినప్పుడల్లా నేనూ మెలకువ తెచ్చుకోవడం, పొద్దున్నే ఏమీ ఎరగనట్టు కాఫీ ఇవ్వడం. లోపల ఉన్నది మెల్లగా పాకేదో పరిగెత్తేదో తెలియదు. ముక్క తీస్తే తప్ప తెలియదని డాక్టరు గారు చెప్పనే చెప్పారు. భయపడీ పడీ భయం కూడా అలిసిపోతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఇక లాభం లేదని బాపట్లలో ఉన్న మా ఆడపడుచుకి ఫోను చేశాను. మా ఆయనకీ బావగారికీ ఆవిడే పెద్దక్క. చిన్నప్పుడే తల్లి పోతే ఇద్దర్నీ చంకనేసుకుని పెంచింది. మా ఆయన ఎవరి మాటా వినడు, ఆవిడ మాటకి మాత్రం చేతులు కట్టుకు నిలబడతాడు.

వదిన గురించి కొంచెం చెప్పాలి. ఆవిడ భర్త ఒక డాక్టరు గారి దగ్గర కాంపౌండరుగా చేసి పోయారు. ఆయనతో కాపరం చేసినందుకు ఆవిడకి సగం వైద్యం వచ్చిందని మా చుట్టాలందరి నమ్మకం, ఆవిడకైతే మొత్తం వచ్చిందని నమ్మకం. ఎక్కడికెళ్ళినా చేతిలో ఒక జిప్పు సంచీ ఉంటుంది. అందులో వక్కపొడి, పిన్నీసులు, తలనొప్పి మందు, మాత్రలు.

ఆ మాత్రలకి ఒక చరిత్ర ఉంది. చాలా ఏళ్ళ క్రితం చేబ్రోలులో మా వాళ్ళ పెళ్ళి. భోజనాల్లో ఏది పాడైందో ఏమో, తిరుగు ప్రయాణంలో పెళ్ళివారి బస్సు తెనాలి చేరడానికి మధ్యాహ్నం నుంచి పొద్దు గుంకేదాకా పట్టింది. ప్రతి కాలవ వంతెన దగ్గరా ఆగింది. పట్టుచీరలతో ఆడవాళ్ళు, ఉత్తరీయాలతో మగవాళ్ళు చేల గట్ల మీద పడి వెళ్ళారు. కొత్త పెళ్ళికూతురు ఒక్కతే బస్సులో కూర్చుని ఏడ్చింది. పరువు పోయింది. ఆ తర్వాత జరిగిన పెళ్ళికి వదిన ఒక అట్ట మాత్రలు తెచ్చింది. విరేచనాలు కాకుండా ముందే వేసుకునేవి, తన భర్త అందరికీ ఇచ్చేవారట. విస్తరి ముందు నుంచి లేవగానే వక్కపొడితో పాటు మనిషికో మాత్ర చేతిలో పెట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు. వంట బాగుండి కాలేదో మాత్ర వల్ల కాలేదో ఎవరికి తెలుసు, పేరు మాత్రం మాత్రకి వచ్చింది.

అప్పటి నుంచి మా ఇళ్ళలో ఏ పెళ్ళయినా, గృహప్రవేశమైనా, ఆఖరికి కర్మ భోజనమైనా, చేతులు కడుక్కున్నవాళ్ళు కడుక్కున్నట్టే వదిన దగ్గరికి వచ్చి అరచెయ్యి చాపుతారు. ఆవిడ సంచీ జిప్పు తీస్తుంది. దాన్ని మేం పెళ్ళి మాత్ర అంటాం. అత్తవారింటికి వెళ్ళిన ఆడపిల్లలు ఆ అలవాటు అక్కడికీ పట్టుకెళ్ళారు. శ్రావణంలోనూ మాఘంలోనూ ముహూర్తాలు వరసగా ఉంటే మాత్రలూ వరసగానే పడేవి. అది మందని మాలో ఎవరం ఎన్నడూ అనుకోలేదు. తాంబూలంలో సున్నం ఎలాగో అదీ అలాగే అనుకున్నాం.

వదిన రైల్లో దిగింది. వచ్చీ రాగానే తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. పెద్దోడు పోయాడు, నువ్వు కూడా మొండికేసి పోతానంటే నేనిక ఏ ఇంటికి రావాలిరా అని అడిగింది. ఆయన తల వంచుకుని, డాక్టరు గారితో ఇంకోసారి మాట్లాడతానన్నాడు. చేయించుకుంటానని అనలేదు, మాట్లాడతానన్నాడు. అంతవరకు వచ్చినందుకే నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ముగ్గురం వెళ్ళాం. డాక్టరు గారు బావగారి సంగతి మొత్తం విన్నారు. తొందరపడలేదు, బయట జనం ఉన్నా మమ్మల్ని తోలెయ్యలేదు. ఆయన మొహం చూస్తే మా కంటే అలిసిపోయినట్టు ఉన్నారు. ఇలాంటివి తనూ చూశానన్నారు, మునుపు అరుదుగా, ఇప్పుడు అంత అరుదుగా కాదు. అన్నీ విని మా ఆయన్ని ఒక మాట అడిగారు.

"గత ఆరు నెలల్లో యాంటీబయాటిక్ మాత్రలు ఏమన్నా వాడారా మేస్టారూ?"

మా ఆయన ఛాతీ ముందుకొచ్చింది. "లేదండి. నేను మాత్ర మింగి ఎరగను," అన్నాడు.

డాక్టరు గారు తలూపి నా వైపు చూశారు. నేనూ లేదండి అన్నాను. నిజంగానే లేదనుకున్నాను. జ్వరం రాలేదు, దగ్గు రాలేదు, ఇంక మాత్రలెందుకు వాడతాడు? డాక్టరు గారికి నమ్మకం కుదిరినట్టు లేదు. జబ్బుకే కాదమ్మా, దేనికైనా సరే అన్నారు. పంటికి గానీ, కడుపుకి గానీ, ఊరికే ముందు జాగ్రత్తకి గానీ.

ముందు జాగ్రత్త అన్న మాటకి నా పక్కన జిప్పు చప్పుడైంది. వదిన సంచీలోంచి సగం అయిపోయిన అట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది అదేనా బాబూ?" అంది.

ఆయన అట్ట తిప్పి చూశారు. అదేనన్నారు. బయాప్సీకి ముందు చాలాచోట్ల వేసే మాత్ర కూడా ఈ జాతిదేనన్నారు. ఎప్పుడెప్పుడు ఇస్తారని అడిగితే వదిన చెప్పింది. మొన్న మాఘంలో పెళ్ళిళ్ళు, అంతకుముందు ఒక గృహప్రవేశం, దానికి ముందు ఇంకొకటి. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం అన్నట్టుంది మా సంగతి. మాత్ర ఎరగని మనిషి అక్క చేతి మీదుగా ఎన్ని మింగాడో ఆయనకే తెలియదు.

తర్వాత డాక్టరు గారు మాకు అర్థమయ్యేట్టు చెప్పారు. పేగుల్లో క్రిములు అందరికీ ఉంటాయి, అక్కడ ఉన్నంతవరకు వాటి వల్ల మనకి చెరుపు లేదు. పేగు గోడ గుండా సూది వెళితే వాటిని వెంటబెట్టుకు వెళుతుంది. అవి చచ్చిపోవడానికే ముందు మందు వేస్తారు. కానీ అవసరం లేకుండా ఆ మందు మింగినప్పుడల్లా మెత్తనివి చచ్చి మొండివి మిగులుతాయి, మిగిలినవే పిల్లల్ని పెడతాయి. అవి నెలల తరబడి ఉంటాయి. చేతుల మీదుగా, బాత్రూముల మీదుగా ఒకరి నుంచి ఒకరికి ఇంట్లో పాకుతాయి.

మా ఆయన నెమ్మదిగా అన్నాడు, మా అన్నయ్య రైతులకి ఇదే చెప్పేవాడండి అని. అవును, చెప్పేవారు. ఒకే పురుగుమందు ఏటేటా కొట్టమాకండయ్యా, పురుగు మొండికేస్తుంది, మందు మార్చండి అని రేపల్లె కొట్లో కూర్చుని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవారు. వేరే మందులు అమ్ముకోవడానికి చెబుతున్నాడని వాళ్ళు ఆయన వెనక నవ్వుకునేవారు.

వదిన మా మాటలు వినడం లేదు. బల్ల మీద ఉన్న అట్టనే చూస్తోంది.

"మా పెద్దోడికి సూది వేసే ముందు వారం వేమూరులో పెళ్ళయింది బాబూ," అంది. "నా చేత్తోనే ఇచ్చాను. వద్దక్కా, నాకేమీ కాదులే అన్నాడు. నేనే పట్టుబట్టి మింగించాను."

డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన అబద్ధం చెబితే బాగుండునని ఎంత కోరుకున్నానో. దానికీ దీనికీ సంబంధం లేదమ్మా అంటే ఆయన సొమ్మేం పోయింది? కానీ ఆయన అలా అనలేదు. ఆ ఒక్క మాత్ర వల్లనే అని చెప్పలేనమ్మా, కాదనీ చెప్పలేను అన్నారు. కోళ్ళకి వేస్తున్నారు, రొయ్యల చెరువుల్లో వేస్తున్నారు, తుమ్మితే మేమే రాసిస్తున్నాం, ఆ మొండివి ఏ దారిన వచ్చాయో ఎవరూ చెప్పలేరు అన్నారు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. నిజం చెప్పినందుకు వచ్చిన కోపం అది, తగ్గడానికి చాలా రోజులు పట్టింది.

ఇంటికొచ్చాక వదిన కంచం ముందు కూర్చుంది గానీ అన్నం కెలికి లేచింది. ఆవిడ వండకుండా, ఎవరికీ వంక పెట్టకుండా, వీధి అరుగు మీద ఊరికే కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. మా తోడికోడలికి ఫోను చెయ్యబోయి మళ్ళీ పెట్టేసింది. ఇవాళ్టికి ఊరుకోండి వదినగారూ అన్నాను. ఓదార్పు మాటలు చెప్పినా ఆవిడ నమ్మేది కాదు.

సాయంత్రం మా ఆయన వెళ్ళి ఆవిడ పక్కన అరుగు మీద కూర్చున్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను.

"నేను సూది వేయించుకుంటానక్కా," అన్నాడు. "నేను బాగా తిరిగొస్తే నువ్వు అన్నం తింటావు."

అన్నాళ్ళు నేను బతిమాలినా వినని మనిషి, వాళ్ళక్క ఒక్కపూట అన్నం మానేస్తే ఒప్పుకున్నాడు. ఇంకెప్పుడైనా అయితే నాకు ఉక్రోషం వచ్చేది. ఆ రోజు మాత్రం హమ్మయ్య అనుకున్నాను.

డాక్టరు గారు ముందుగా మలద్వారం దగ్గర పుల్లకి చుట్టిన దూదితో నమూనా తీయించారు. అక్కడున్న క్రిములు ఏ మందుకి చస్తాయో, ఏ మందుకి చావవో ముందే చూసుకోవడానికి. జీవితమంతా పిల్లల చేత వంగండి లేవండి అనిపించిన డ్రిల్లు మేస్టారు, నర్సమ్మ వంగండి అనేసరికి ఎర్రబడిపోయాడట. బయటికొచ్చి నా మొహం చూడలేదు. ఆ కాస్త నవ్వే మాకు ఆ నెలలో దొరికిన నవ్వు.

ఫలితం వచ్చాక నవ్వు పోయింది. పెళ్ళి మాత్రకి ఆ క్రిములు చావడం లేదు. ఇంకో రెండు రకాలకీ చావడం లేదు. ఒక ఇంజక్షన్‌కి లొంగుతున్నాయి. చూడకుండా అందరికీ ఇచ్చే మాత్రే ఇచ్చి చేసి ఉంటే ఏమయ్యేదో డాక్టరు గారు చెప్పలేదు, మేం అడగలేదు. పేగులోంచి కాకుండా కింద చర్మం గుండా సూది పెట్టి తీస్తానన్నారు. అలా అయితే క్రిములు వెంట వెళ్ళే భయం బాగా తక్కువట. చర్మం మందుతో శుభ్రంగా కడిగి, లొంగే ఇంజక్షన్ ఒకే ఒక్కటి వేస్తానన్నారు.

"ఒక్కటేనా బాబూ?" అంది వదిన. ఆవిడకే కాదు, మా వైపు ఎవరికైనా ఒక్కటి అంటే వైద్యం కింద లెక్క కాదు. సంచీడు మందులిస్తేనే గట్టి డాక్టరు.

"ఒక్కటేనమ్మా. అది పనిచేసేట్టుగా మిగలాలి కదా," అన్నారాయన.

ఇంకో మాట మా ముగ్గురి చేతా ఒట్టు వేయించుకున్నంత పని చేశారు. తర్వాత చలి వచ్చినా, జ్వరం తగిలినా, ఇంట్లో ఏ మాత్రా వెయ్యకూడదు, వీధిలో ఎవరి చేతా సూది వేయించకూడదు, ఏ వేళైనా తిన్నగా ఆస్పత్రికి రావాలి. బావగారి ఇంట్లో కప్పిన దుప్పట్లు నా కళ్ళ ముందు మెదిలాయి.

మత్తు ఇచ్చి చేశారు. బాగానే జరిగింది. ఇంటికొచ్చాక మొదలైంది మా కాపలా. నేను జ్వరం చూసే గొట్టం పట్టుకుని ఆయన చుట్టూ తిరిగాను, వదిన మాటిమాటికీ వచ్చి నుదురు ముట్టుకుంది. గంటగంటకీ నోరు తెరవలేక ఆయన విసుక్కున్నాడు. నాకు కాళ్ళు లాగేవి, కూర్చుంటే భయమేసేది, భయమేస్తే మళ్ళీ లేచేదాన్ని.

మూడో రోజు సాయంత్రం స్నానం చేసి వచ్చి, చలిగా ఉందే అన్నాడు. చేతుల మీద రోమాలు నిక్కపొడుచుకున్నాయి. వదిన చెయ్యి అలవాటుగా జిప్పు సంచీ మీదికి వెళ్ళింది, వెళ్ళింది గానీ తెరవలేదు. సంచీ అలమర మీదికి విసిరేసి, వీధిలోకి వెళ్ళి ఆటోని ఆపింది. ఆ వయసులో ఆవిడ అంత గట్టిగా కేకెయ్యగలదని నాకు తెలియదు. ఆస్పత్రిలో రక్తం చూశారు, జ్వరం చూశారు, చాలాసేపు కనిపెట్టి ఉంచారు. జ్వరం లేదు. చన్నీళ్ళ స్నానం చేసి ఫ్యాను కింద నిలబడ్డారు మేస్టారూ, అంతే అన్నారు. మమ్మల్ని చూసి ఎవరూ నవ్వలేదు. రావడమే మంచిదన్నారు. తిరిగొస్తూ ఆటోలో వదిన తమ్ముడి భుజం మీద తల ఆనించి నిద్రపోయింది. చాలా రోజుల తర్వాత నిద్రపోవడం అది.

రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ ఉంది. చిన్నదే, మెల్లగా పాకే రకం. ఇప్పుడే కోత అవసరం లేదన్నారు, అప్పుడప్పుడు రక్తం చూసుకుంటూ ఉండాలి, వచ్చే ఏడు మళ్ళీ ఒకసారి ముక్క తియ్యాలి. లేదని చెప్పిన రిపోర్టు చదువుకోవడానికి బావగారు లేరు. ఉందని చెప్పిన రిపోర్టు మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని స్వయంగా చదువుకున్నాడు, చదివి మడత పెట్టి నాకిచ్చాడు. ఏడవాలో ఊరట పడాలో తెలియలేదు. ఏడవడానికి ఓపిక కూడా లేదు. వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలిపాను, ముగ్గురం తాగాం.

ఆ శ్రావణంలో వేమూరులో మళ్ళీ పెళ్ళి వచ్చింది. వెళ్ళకపోతే ఏమనుకుంటారో అని వెళ్ళాం. మా తోడికోడలు రేపల్లె నుంచి రాలేదు. ఆవిడ రాకపోతేనే నయమనుకున్నాను, ఆ ఊళ్ళో ఆ పందిట్లో వదిన ఆవిడ మొహం చూడగలిగేది కాదు. భోజనాలు బాగున్నాయి. చేతులు కడుక్కున్నవాళ్ళు ఒక్కొక్కరే వదిన కుర్చీ దగ్గరికి వచ్చి అలవాటుగా అరచేతులు చాపారు. ఆవిడ అందరికీ వక్కపొడి పెట్టింది. వాళ్ళు చెయ్యి తియ్యకుండా ఇంకా చాపే ఉంచారు.

"మాత్ర లేదమ్మా," అంది.

తెచ్చుకోవడం మర్చిపోయిందనుకున్నారు. పెద్దతనం కదా అన్నారు. వదినకి అల్లుడి వరస అయ్యే ఒకాయన, అంతమాత్రానికి ఏముందత్తయ్యా అంటూ రోడ్డు దాటి మందుల కొట్టుకి వెళ్ళి, క్షణంలో ఒక అట్ట తెచ్చాడు. ఎందుకని కొట్టువాడు అడగలేదు, ఈయన చెప్పలేదు. అట్ట వరసలో చేతులు మారుతూ వస్తోంది. ఒక్కొక్కళ్ళూ ఒకటి చించుకుని నీళ్ళతో మింగుతున్నారు. మా ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన తీసుకోలేదు, పక్కకి ఇవ్వనూ లేదు, చేతిలో పెట్టుకుని అక్క వైపు చూశాడు.

వదిన లేచి వచ్చి ఆ అట్ట ఆయన చేతిలోంచి తీసుకుంది. "వచ్చే ఏడు మా తమ్ముడికి మళ్ళీ సూది ఉందమ్మా," అంది అందరితో. "అప్పటికి ఒక్క మందన్నా పని చెయ్యాలి కదా."

ఆయనకి కావాల్సిన మందు మేం తింటే తరిగిపోతుందా పిన్నీ, కొట్లో బోలెడున్నాయిగా అని ఎవరో అన్నారు. నలుగురూ నవ్వారు. డాక్టరు గారు చెప్పిందంతా ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. పెళ్ళి పందిట్లో నిలబడి పేగుల సంగతీ పెద్దోడి సంగతీ ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెబుతుంది? అల్లుడు గారు ఇంకో అట్ట కోసం మళ్ళీ రోడ్డు దాటుతున్నాడు.

వదిన మిగిలిన మాత్రలు సంచీలో వేసి జిప్పు లాగి, కుర్చీలో కూర్చుంది. తెనాలి బస్సు వచ్చేదాకా ఆ సంచీ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.